దింపుకీ దింపుకీ మధ్య ఇల్లు నడపడం: డెల్టాలో ఏడాది సరుకులు కొనే పద్ధతి

జీతగాళ్ళ ఇంటికి ఒకటో తారీకు ఉంటుంది. మన గోదావరి డెల్టాలో చాలా ఇళ్ళకి అది ఉండదు. కొబ్బరి దింపు డబ్బు, అంటే చెట్ల నుంచి కాయలు దింపించి అమ్మిన డబ్బు, నెలన్నరకో రెండు నెలలకో వస్తుంది. సార్వా (ఖరీఫ్ వరి) డబ్బు డిసెంబరు దాటాక, దాళ్వా (రబీ వరి) డబ్బు ఏప్రిల్, మే నెలల్లో. రొయ్యల చెరువైతే పట్టుబడి రోజున కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) ఎంతుందో, ఆ రోజు రేటెంతో, అంతా దాని మీదే. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నవాళ్ళు పంపేది వాళ్ళ చేతికి అందినప్పుడు. ఉప్పూ పప్పూ పాలూ కూరగాయలకి మాత్రం ఇవేవీ తెలియవు, రోజూ కావాలి.

అందుకే "నెలవారీ బడ్జెట్ వేసుకోండి" అనే సలహా ఇక్కడ అతకదు. మనం వేసుకోవాల్సింది ఏడాది లెక్క. అది ఎలా వేయాలో, వేశాక ఏది ఎప్పుడు ఎక్కడ కొనాలో వరసగా చెబుతాను.

1. ముందు క్యాలెండర్ మీద గీతలు గీయండి

గోడ మీద తిథుల క్యాలెండర్ ఎలాగూ ఉంటుంది. నీలం పెన్నుతో డబ్బు వచ్చే నెలల్లో గుర్తు పెట్టండి, ఎర్ర పెన్నుతో తప్పని పెద్ద ఖర్చులున్న చోట. జూన్‌లో స్కూలు ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు. ఆ వెంటనే సార్వా నారుమళ్ళు, నాట్లు. ఆషాఢంలో సారె, శ్రావణంలో పెళ్ళిళ్ళు, పేరంటాలు. దసరా, దీపావళి. ఆపైన సంక్రాంతి.

గీసి చూస్తే చాలా ఇళ్ళల్లో ఒకే బొమ్మ కనిపిస్తుంది: జూన్ నుంచి అక్టోబరు దాకా ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ. ఫిబ్రవరి నుంచి మే దాకా సార్వా డబ్బు కొంత మిగిలి ఉంటుంది, దాళ్వా డబ్బు చేతికొస్తుంది, ఎండాకాలం దింపుల్లో కాయా ఎక్కువ దిగుతుంది. మిరపకాయ, చింతపండు, కందిపప్పు, నిలవుండే ఉల్లిపాయ బజారుకి కొత్తగా వచ్చేది కూడా సరిగ్గా ఆ నాలుగు నెలల్లోనే. మన అమ్మమ్మలు మాఘమాసం నుంచి జాడీలు కడిగి ఎండబెట్టడం మొదలుపెట్టేది ఇందుకే. ఆ పద్ధతి వదిలేసి వారానికో పావుకిలో ప్యాకెట్టు కొనడం మొదలెట్టాక, డబ్బుల్లేని నెలల్లోనే ఎక్కువ ధర పెట్టాల్సొస్తోంది.

2. నిలవుండే సరుకు ఎండాకాలంలోనే ఇంటికి చేర్చండి

ఎంత కొనాలన్నదానికి నిరుడు మీ ఇంట్లో ఎంత పట్టిందో అదే కొలత. తెలియకపోతే ఈ ఒక్క ఏడాదీ డబ్బా ఖాళీ అయిన ప్రతిసారీ క్యాలెండర్ మీద రాసుకోండి, వచ్చే ఏటికి లెక్క దొరుకుతుంది.

మిరపకాయలు మార్చి, ఏప్రిల్‌లో కొనండి. గుంటూరు యార్డుకి కొత్త కాయ దండిగా వచ్చే రోజులవి. పిడికెడు తీసుకుని ఊపితే లోపల గింజ గలగలలాడాలి. మెత్తగా వంగితే తడి ఉన్నట్టే, ఇంటికొచ్చాక ఆ తూకం తగ్గిపోతుంది. తొడిమ తీసిన కాయకి ధర ఎక్కువ చెబుతారు. ఇంట్లో తీసే చేతులుంటే తొడిమతో ఉన్నదే తీసుకోండి, లేకపోతే ఆ తేడా ఇచ్చేయండి, దానికి బాధపడక్కర్లేదు. ఘాటు కావాలంటే తేజ, రంగు కావాలంటే కొంచెం బ్యాడిగి కలిపి మర పట్టిస్తారు. మర దగ్గర మీ ముందు ఎవరి కాయ ఆడించారో చూసుకోండి. మొదట పడే గుప్పెడు పక్కకి తీయమనండి, అందులో వాళ్ళ కారమూ ఉంటుంది. ఏడాదికి సరిపడా ఒకేసారి పొడి కొట్టించకండి. సగం కాయగానే ఎండబెట్టి దాచి, దసరా ముందు మళ్ళీ పట్టిస్తే రంగు నిలుస్తుంది.

చింతపండు మన్యం నుంచి దిగేదీ ఎండాకాలంలోనే. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు బంధువులుంటే చెప్పి తెప్పించుకోండి. గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ ఈ సరుకే కొని అమ్ముతోంది, పట్నంలో వాళ్ళ దుకాణం కనిపిస్తే చింతపండూ తేనె అక్కడ అడగొచ్చు. గింజతో ఉన్నదీ గింజ తీసిందీ ధర పోల్చేటప్పుడు ఓ చిన్న పని చెయ్యండి: పావుకిలో కొని, ఇంట్లో గింజా పీచూ తీసి మళ్ళీ తూచండి. అప్పుడు ఏది చవకో లెక్క మీకే తెలుస్తుంది. రాళ్ళుప్పు కలిపి జాడీలో దట్టంగా కూరితే ఏడాది దాటుతుంది, కాకపోతే నల్లబడుతుంది. నల్లబడ్డ చింతపండు పులుసుకి బాగానే ఉంటుంది, చేపల పులుసుకైతే మరీను.

కందిపప్పు కొత్త పంట వచ్చాక, ఫిబ్రవరి, మార్చిలో. రెండు ఎండలు బాగా పెట్టి, చల్లారాక కిలోకి చెంచాడు ఆముదం పట్టించి డబ్బాలో పోస్తే పురుగు చేరదు. ఈ తేమ గాలికి ఆ ఎండ తప్పనిసరి.

ఉల్లిపాయల్లో చాలామంది చూసుకోని సంగతి ఒకటుంది. ఆగస్టు తర్వాత వచ్చే కర్నూలు ఖరీఫ్ పాయలో నీరెక్కువ, ధర తగ్గిందని బస్తా తెస్తే వాసన మొదలవుతుంది. నిలవుండేది రబీ పాయ, మహారాష్ట్ర నుంచి ఏప్రిల్, మేలో వచ్చేది. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ పక్కనే పెట్టుకుని కిలోల లెక్కన కొనడం నాకైతే మనసొప్పదు. నలుగురు కలిసి ఓ బస్తా తెచ్చుకుని, గాలి తగిలే అటక మీద పలచగా పరిస్తే సగం వర్షాకాలం గడుస్తుంది. బంగాళాదుంపల పక్కన మాత్రం పెట్టకండి, రెండూ తొందరగా పాడవుతాయి.

ఆవకాయ కాయ మే నెలలో. పుల్లగా, గట్టి టెంకతో ఉన్నది చూసుకోవాలి. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి దొరికితే ఇక వేరే మాటే లేదు. పప్పునూనె గానుగ దగ్గర ముందే చెప్పి ఉంచండి, కాయలొచ్చిన వారం గానుగ దగ్గర తిరణాళ్ళే. ఎండు చేపలూ రొయ్యపప్పూ తొలకరి పడకముందే. ముసురు పట్టాక కొన్నవి ఎండినట్టు కనిపిస్తాయంతే.

కొబ్బరినూనె బయట కొనడమెందుకో కొబ్బరి తోటలున్న వాళ్ళే చెప్పాలి. బాగా ఎండిన కొబ్బరి కిలోకి ఆరువందల గ్రాముల పైనే నూనె దిగుతుంది, తెలకపిండి గేదెకి పోతుంది. దింపులో పక్కకి తీసేసే చిన్న కాయలు ఎండబెట్టి ఆడిస్తే తలకీ, దీపానికీ సరిపోతుంది.

3. బియ్యం లెక్క విడిగా చూసుకోండి

సొంత పొలమో, కౌలు గింజలో వచ్చే ఇంటికి చాలా తేలిక. ప్రభుత్వం మిల్లులకి ఇచ్చే లెక్క క్వింటాలు ధాన్యానికి 67 కిలోల బియ్యం. 75 కిలోల బస్తాకి అది 50 కిలోలు. మీ ఊరి మరలో అంతకంటే బాగా తక్కువ వస్తే అడగండి. నూకలూ తవుడూ ఎవరివన్నది కూడా ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే వాటికీ ధర ఉంది. తినే రకం గురించి మొహమాటం వద్దు. స్వర్ణ మన మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిందే, దశాబ్దాలుగా ఈ నేల మీద తిన్నదే. సన్నబియ్యం వండితేనే గౌరవమన్న ఊహ ఈమధ్య వచ్చింది.

కొనుక్కునే ఇళ్ళవాళ్ళు బస్తా మీద తూకం చదవండి. ప్యాకింగు చేసి పేరు వేసిన బియ్యం 25 కిలోల దాకా ఉంటే 5 శాతం జీఎస్టీ పడడం 2022 జులై 18 నుంచి మొదలైంది. అందుకే 26 కిలోల బస్తాలు వచ్చాయి. ఐదు కిలోల సంచీ, పది కిలోల సంచీ కొంటే ఆ పన్ను మీరు కడుతున్నట్టే. బస్తా ధర అడిగేటప్పుడు పక్క కొట్లోది 25, ఇక్కడిది 26 అని మర్చిపోకుండా కిలోకి ఎంతో భాగించి చూడండి. ఎప్పుడు కొన్నా పాత బియ్యమే అడగండి, అన్నం ఒదుగుతుంది.

4. ప్యాకెట్టు ముందువైపు బొమ్మ, వెనకవైపు లెక్క

వంటనూనెలో జరిగేది చూడండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె బరువు దాదాపు 910 గ్రాములు. 15 కిలోల డబ్బా, 15 లీటర్ల డబ్బా పక్కపక్కన పెడితే చూడ్డానికి పెద్ద తేడా ఉండదు, కానీ లీటర్ల డబ్బాలో ఉండేది 13 కిలోల 650 గ్రాములే. దాదాపు లీటరున్నర నూనె తేడా. పెళ్ళి వంటలకి డబ్బాలు తెచ్చే మేనమామలకి ఈ ముక్క తప్పకుండా చెప్పండి. చిన్న ప్యాకెట్లలోనూ లీటరు ప్యాకెట్టు ఆకారంలోనే 850 గ్రాములో ఇంకా తక్కువో పోసేవి ఉన్నాయి. గ్రాముల అంకె చదివి, ధరని భాగిస్తేనే తెలుస్తుంది.

ఒంటి సబ్బులు, షాంపూలు, తలనూనె, టూత్‌పేస్టు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5కి తగ్గింది. ఇంతకుముందు మీకు గుర్తున్న ధరలు ఇప్పుడు పనికిరావు, కొత్తగా రాసుకోండి. ముద్రించిన ఎమ్మార్పీ కంటే ఎక్కువ అడిగితే, తూకంలో తేడా వస్తే, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తూనికలు కొలతల శాఖ వేసే ముద్ర కాటా మీద ఉందో లేదో చూడడం తప్పేం కాదు.

5. ఏ సరుకు ఏ కొట్లో

కూరగాయలు, ఆకుకూరలు సంతలోనూ రైతుబజారులోనూ. రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. అక్కడ ధరల బోర్డు పెడతారు, బేరం మీద నమ్మకం లేనివాళ్ళకి అదే బాగుంటుంది. సంతకి మాత్రం రెండు వేళలున్నాయి: తాజా కావాలంటే పొద్దున్నే, చవక కావాలంటే పొద్దుగూకే ముందు. తాటిపాక సంతకి సాయంత్రం వెళ్ళేవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం. రావులపాలెం వెళ్ళి అరటిగెల, అంబాజీపేట వెళ్ళి ఇంకేదో తెచ్చుకోవడం ఇప్పుడు తేలిక. బస్సు ఉచితమే కానీ బజారు కాదని, చేతిలో చీటీ లేకుండా ఎక్కకండి.

పట్నంలో మార్టుకి వెళ్ళడం తప్పని నేననను. నెలకోసారి సబ్బులు, డిటర్జెంట్లు, పిల్లల డైపర్లు అక్కడ చవకే. కానీ ఊళ్ళో కిరాణా కొట్టుని పూర్తిగా వదిలేయకండి. గోదావరి పొంగి రోడ్డు మునిగిన రోజున మీ గుమ్మంలోకి బియ్యం పంపేది ఆయనే, మార్టు కాదు. పప్పులో కొంత, చక్కెర, టీపొడి ఆయన దగ్గరే కొనండి. అక్కడ కిలోకి రెండు రూపాయలు ఎక్కువైనా అది వృథా ఖర్చు కింద రాయను నేను.

చేపలకి క్యాలెండర్ వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో వంజరం, చందువా అని పట్టుబట్టకండి, ఐసులో ఎన్నాళ్ళున్నదో తెలియదు. శీలావతి, బొచ్చె చెరువుల్లోంచి వస్తూనే ఉంటాయి. మొప్ప ఎత్తి చూసి, కండ మీద వేలు నొక్కి చూసి తీసుకోండి; గుంట పూడకపోతే వదిలేయండి. కానాగంతలు, కవళ్ళు దండిగా పడిన రోజున కొంటే నలుగురికి పులుసు చాలా తక్కువలో అయిపోతుంది. కొందరు వాటిని చిన్నచూపు చూస్తారు. వాళ్ళకి పులుసు రుచి తెలియదనుకోవాలి.

గుడ్లు, కోడిమాంసం కార్తీకమాసంలో దిగుతాయి, ఎందుకో మీకు తెలిసిందే. అదే నెలలో కూరగాయలు ఎక్కుతాయి. నియమం పాటించని ఇళ్ళు ఆ నెల గుడ్లు అట్ట లెక్కన తెచ్చుకోవచ్చు. నెక్ (జాతీయ కోడిగుడ్ల సమన్వయ కమిటీ) రోజూ చెప్పే రేట్లలో తూర్పు, పశ్చిమ గోదావరులకి విడిగా ధర ఉంటుంది. ఫోనులో చూసి వెళితే కొట్టువాడు చెప్పేదానితో పోల్చుకోవచ్చు.

6. ఖాతా పుస్తకాన్ని చదవడం నేర్చుకోండి

"ఏం పర్లేదండి, దింపయ్యాక ఇద్దురుగాని" అంటాడు కొట్టాయన. ఆయ్, ఆ మాటలో మర్యాద ఉంది, ధర కూడా ఉంది. మొహమాటపడకుండా "నగదుకైతే ఎంతండీ?" అని అడగండి. రెండు ధరలూ ఒకటే అయితే ఖాతా మంచిదే. తేడా ఉంటే ఆ తేడానే వడ్డీ.

నియమం ఒక్కటి పెట్టుకోండి: ఖాతాలో రాసేది వచ్చే దింపుతో తీరిపోవాలి. తీరకుండా పైకి ఎక్కుతోందంటే తప్పు కొట్టుదీ కాదు, పప్పుదీ కాదు. ఇంకో పెద్ద ఖర్చు ఏదో కిరాణా పుస్తకంలో దాక్కుంది. సాధారణంగా అది ఫోను వాయిదా, లేదా శుభలేఖల చదివింపులు.

వడ్డీ మాట చెప్పేటప్పుడు నూటికి రెండు అంటాం. వినడానికి చిన్నదే. పది వేలకి నెలకి 200, ఏడాదికి 2,400, అంటే 24 శాతం. డైలీ ఫైనాన్సు అంతకంటే ఘోరం. పది వేలని చెప్పి తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వడ్డీ వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తీరుస్తున్నారు కాబట్టి సగటున మీ చేతిలో ఉన్నది నాలుగున్నర వేలే. దాని మీద వంద రోజులకి వెయ్యి అంటే ఏడాదికి ఎనభై శాతం దరిదాపు. ఇంట్లో డ్వాక్రా గ్రూపు సభ్యురాలు ఉంటే ముందు ఆ తలుపు తట్టండి. డ్వాక్రా డబ్బుతో టీవీ కొనడం మాత్రం నా లెక్కలో పొరపాటు, దాన్ని మిరపకాయలకో, కుట్టుమిషనుకో వాడండి.

7. మర్యాద ఖర్చుకి వేరే పేజీ

ఇక్కడే చాలా లెక్కలు తప్పుతాయి. కందిపప్పులో కిలోకి పదిరూపాయలు మిగిల్చి, ఆషాఢం సారెలో ఆ మిగులుకి వంద రెట్లు పెట్టేస్తాం. మర్యాద మానుకోమని ఎవరూ చెప్పలేరు, చెప్పినా మనం వినం. అందుకే దాన్ని దాచకుండా పుస్తకంలో వేరే పేజీ వేయండి: సారె, కొత్తల్లుడి సంక్రాంతి, చదివింపులు, తీర్థాలు, వచ్చేపోయే చుట్టాలు. ఏడాది మొదట్లోనే ఒక అంకె అనుకోండి, ఇంట్లో అందరూ కూర్చుని. మామగారు "ఊళ్ళో ఏమనుకుంటారు" అంటే ఆయన మాట కూడా ఆ పేజీలోనే రాయండి, ఎంతవుతుందో పక్కన వేయండి. అంకె చూశాక చాలామంది వాళ్ళంతట వాళ్ళే తగ్గుతారు.

సారెలో కావిళ్ళ సంఖ్య చూసేవాళ్ళు ఎక్కువ, తినేవాళ్ళు తక్కువ. పూతరేకులు ఆత్రేయపురంలో, కాజా తాపేశ్వరంలో చేసిన చోటనే కొని, రకాలు తగ్గించి పంపితే వీధిలో పంచేటప్పుడు పాడవవు. బట్టలకి ద్వారపూడి, నేత చీరలకి బండారులంక వెళ్ళేవాళ్ళు పండగ వారం వదిలేసి ముందే వెళ్ళండి.

పులస చేప సంగతి. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు, పుస్తెల ధర చూసుకుంటే ఇప్పుడు ఆ మాట అనేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. గోదావరికి ఎర్రనీరు, అంటే వరద నీరు, వచ్చాక సముద్రం నుంచి ఏటికి ఎదురీదిన ఇలస చేపే పులస. సీజన్లో ఒడిశా నుంచి ఐసులో వచ్చిన ఇలసని పులస పేరుతో అంటగడతారు. పట్టిన మనిషిని మీరు ఎరిగి ఉండాలి, లేదా ఎరిగినవాళ్ళని వెంట తీసుకెళ్ళాలి. లేకపోతే కొనకండి. కొంటే రెండు మూడు ఇళ్ళు పంచుకోండి, ఏడాదికోసారి చాలు. అలా తిన్నదాన్ని దుబారా అని నేననను.

2027లో గోదావరి పుష్కరాలు. 2015లో రేవులున్న ఊళ్ళవాళ్ళకి చుట్టాల రాక ఎలా ఉంటుందో గుర్తుండే ఉంటుంది. ఆ పన్నెండు రోజులకి ఇప్పటినుంచీ ప్రతి దింపులో కొంత పక్కన పెట్టండి. పరుపులు, దుప్పట్లు కొనేకంటే అద్దెకి మాట్లాడుకోవడం మేలు.

8. బంగారం, క్లుప్తంగా

పెద్ద మొత్తం చేతికి రాగానే కాసు కొనేయడం మనకి అలవాటు. కాసంటే 8 గ్రాములు. తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ కలిపి ఎంతో కాగితం మీద వేయించుకోండి. అమ్మేటప్పుడు తరుగూ మజూరీ తిరిగి రావు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగ మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగ గుర్తింపు సంఖ్య, ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్లోనే కొట్టి చూడండి. ఏడాది సరుకు ఇంటికి చేరాక, ఫీజుల డబ్బు పక్కన పెట్టాక మిగిలినదానితోనే నగల కొట్టు గుమ్మం ఎక్కాలి.

9. వరద సంచీ

జులై వచ్చేసరికి ఒక సంచీ కట్టి అటక మీద ఉంచండి: అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, అటుకులు, బెల్లం, పాలపొడి, రోజూ వేసుకునే మందులు. లంక ఊళ్ళల్లో కూరగాయల తోటలు మునిగితే రెండు వారాలు బజారులో ధరలు నిలవవు, అప్పుడు మీ ఉల్లిపాయలు, కందిపప్పు, ఎండు చేపలే కూర. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది వినగానే గ్యాసు బుక్ చేయండి, సైకిలు వేసుకుని కొట్టుకి వెళ్ళి బియ్యం, నూనె తెచ్చేయండి. లంకలో ఉండేవాళ్ళు రెండో హెచ్చరిక దాకా ఆగకుండా గేదెలకి ఎండుగడ్డి, తవుడు గట్టు మీదకి చేర్చండి. నీరెక్కాక పడవ మీద మోయించుకుంటే కూలి అడిగినంత ఇవ్వాల్సొస్తుంది.